ఏ సెక్రటరీ చేతిలో ఏ పని?

‘‘సెక్రటరీ గారు లేరు, రేపు రండి.’’

ఈ మాట వినని రైతు మన ఖమ్మం జిల్లాలో ఉండడు. పాస్‌బుక్కు జిరాక్సు, ఆధార్ జిరాక్సు సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి, అరపూట పని పోగొట్టుకుని వెళ్తే ఈ మాట. మర్నాడు మళ్లీ వెళ్తే ‘‘ఇది మా పని కాదు, ఆ సెక్రటరీని అడగండి’’ అంటారు. ఆ సెక్రటరీ ఎవరో, ఎక్కడ కూర్చుంటాడో చెప్పేవారుండరు.

రైతుకు తగిలే సెక్రటరీలు ఒకరిద్దరు కారు. ఎరువుకూ పంట అప్పుకూ సొసైటీ సెక్రటరీ, మిర్చి అమ్మితే మార్కెట్ సెక్రటరీ, పాలు పోస్తే పాలకేంద్రం సెక్రటరీ, ఇంటి పన్నుకు పంచాయతీ సెక్రటరీ. కార్యదర్శి అంటే పని చూసేవాడని అర్థం. అందరి పేరూ ఒకటే అయినా జీతమిచ్చే చేయి వేరు, లోబడే చట్టం వేరు, తప్పు జరిగితే అడగాల్సిన చోటు వేరు. ఒక్క పోలిక మాత్రం అందరిలో ఉంది. నిర్ణయం సాధారణంగా సెక్రటరీది కాదు. పాలకవర్గానిదో, సర్పంచ్‌దో, పై అధికారిదో అయి ఉంటుంది. దాన్ని కాగితం మీద పెట్టడం, డబ్బుకు రసీదు ఇవ్వడం, రికార్డు భద్రంగా ఉంచడం సెక్రటరీ పని. అందుకని ‘అప్పు ఎందుకివ్వరు’ అని ఆయనతో పోట్లాడితే లాభం తక్కువ. ‘నా దరఖాస్తు ఏ తేదీన తీసుకున్నారు, రసీదేది’ అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

సొసైటీ సెక్రటరీ

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో ఈయన్ని ఇప్పుడు సీఈఓ అంటున్నారు. ఊళ్లలో మాత్రం ఇంకా సెక్రటరీయే. ఈయన ప్రభుత్వోద్యోగి కాడు, సంఘం ఉద్యోగి. అంటే వాటా ధనం కట్టిన సభ్యులందరి డబ్బుతో నడిచే మనిషి. 1964 నాటి సహకార సంఘాల చట్టం, సంఘం బైలాలు ఈయనకు హద్దులు.

పని మాత్రం చాలా ఉంటుంది. సభ్యుల రిజిస్టరు, వాటాల రిజిస్టరు, నగదు పుస్తకం, ఒక్కో సభ్యుడి అప్పు ఖాతా రాయాలి. అప్పు దరఖాస్తులు తీసుకుని పాలకవర్గం ముందు పెట్టాలి. తీర్మానం అయ్యాక జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు పంపాలి. సమావేశాలకు నోటీసులు ఇవ్వాలి, మినిట్సు రాయాలి, ఏటా ఆడిట్‌కు లెక్కలు అప్పజెప్పాలి. ఎరువుల గోదాము తాళం కూడా చాలాచోట్ల ఈయన దగ్గరే. యూరియా బస్తా అమ్మితే ఈపాస్ యంత్రంలో వేలిముద్ర వేయించుకుని బిల్లు ఇవ్వాలి. ధాన్యం కొనుగోలు కేంద్రం సొసైటీకి వస్తే ఆ సీజనంతా గోనె సంచులు, తేమ యంత్రం, లారీలతోనే తెల్లారుతుంది. తేమ 17 శాతం దాటితే కొనకూడదన్నది పైనుంచి వచ్చిన నిబంధన. దానికి సెక్రటరీని తిట్టి ప్రయోజనం లేదు. కానీ యంత్రం చూపిన అంకె మీకు చూపించడం, కాంటా వేసిన వెంటనే బస్తాల లెక్క రాసివ్వడం మాత్రం కేంద్రం నడిపేవారి బాధ్యతే.

గడువు సంగతి ఒకటుంది. పంట అప్పు 3 లక్షల వరకు 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా కడితే 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయలు ఏడాదికి తీసుకుంటే 7 వేలకు బదులు 4 వేలు. గడువు దాటితే ఆ 3 వేల రాయితీ పోతుంది. మీ గడువు తేదీ సెక్రటరీ ఖాతాలో రాసి ఉంటుంది. అడిగి పాస్‌బుక్కు అట్ట మీద రాయించుకోండి. మొహమాటం పడొద్దు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1990లలో మా నాన్న పత్తి అమ్మిన డబ్బుతో పంట అప్పు తీర్చేశారు. కట్టింది ఆఫీసులో కాదు, సాయంత్రం టీకొట్టు దగ్గర. ‘‘రసీదు పుస్తకం ఆఫీసులో ఉంది అన్నా, రేపు పంపిస్తా’’ అన్నాడా సెక్రటరీ. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, వరసకు అన్నదమ్ములు. రసీదు రాలేదు, నాన్న అడగనూ లేదు. ‘తమ్ముణ్ని రసీదు అడిగితే ఏమనుకుంటాడో’ అన్నది ఆయన భయం. మూడేళ్లకు కొత్త సెక్రటరీ వచ్చాడు. వడ్డీతో కలిపి బాకీ నోటీసు మా గుమ్మంలోకి వచ్చింది. పాత సెక్రటరీ అప్పటికి మంచాన పడి ఉన్నాడు. ‘కట్టినట్టే గుర్తు’ అన్నాడు. గుర్తు ఖాతాలో జమ కాదుగా! పాడి గేదెను అమ్మి రెండోసారి కట్టాం. ఆయన తిన్నాడో, మరిచిపోయాడో ఈనాటికీ మాకు తెలీదు. కొత్త సెక్రటరీ తప్పేమీ లేదు, ఆయన ముందున్న పుస్తకంలో ఏముంటే అదే చెప్పాడు.

ఇప్పుడు సొసైటీల్లో కంప్యూటర్లు వస్తున్నాయి. దేశంలో 63 వేల సంఘాలను కంప్యూటరీకరించడానికి కేంద్రం 2022 జూన్‌లో పథకం ఆమోదించింది. కంప్యూటర్ వచ్చినా డబ్బు చేతికిచ్చి రసీదు తీసుకోకపోతే పాత కథే. రసీదులో అసలెంత, వడ్డీకెంత జమ అయిందో విడిగా ఉందా లేదా చూసుకోవాలి.

అనుమానం వస్తే ముందు మీ ఖాతా చూపించమని రాతపూర్వకంగా అడగండి. సభ్యుడిగా అది మీ హక్కు. అక్కడ తేలకపోతే జిల్లా సహకార అధికారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు. పల్లెల్లో ‘యాభై ఒకటి విచారణ’ అంటుంటారే, అది సహకార చట్టం 51వ సెక్షన్ కింద జరిగే విచారణ. సంఘం సొమ్ము దుర్వినియోగమైందని తేలితే 60వ సెక్షన్ కింద బాధ్యుల నుంచి రాబట్టే వీలుంది. అధ్యక్షుడికైనా, సెక్రటరీకైనా ఇది వర్తిస్తుంది. సమాచార హక్కు చట్టం ఇక్కడ అంత సులువుగా పనికిరాదు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు అందుకునేవి తప్ప మిగతా సహకార సంఘాలు ఆ చట్టం పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

మార్కెట్ యార్డు సెక్రటరీ

ఈయన మార్కెటింగ్ శాఖ ఉద్యోగి, బదిలీల మీద వస్తారు. మార్కెట్ కమిటీ ఛైర్మన్‌ది రాజకీయ నియామకం. యార్డు నడిపే రోజువారీ బాధ్యత కార్యదర్శిది. 1966 మార్కెట్ల చట్టం కింద వ్యాపారులు, అడ్తిదారులు, దడవాయిలకు లైసెన్సులు చూడటం, మార్కెట్ ఫీజు వసూలు, కాంటాల తనిఖీ, ఏరోజు ధర ఆరోజు రికార్డు చేయడం, రైతుకూ వ్యాపారికీ మధ్య తగాదా వస్తే పిలిచి విచారించడం ఆయన పనులు. మంచినీళ్లు, నీడ, వానొస్తే టార్పాలిన్లు కూడా ఆయన్నే అడగాలి.

ఖమ్మం మిర్చి యార్డుకు వెళ్లినవారికి జెండాపాట తెలుసు. పొద్దున్నే ఒక మంచి లాటు మీద పాట పెడతారు. ఆ ధర సాయంత్రానికల్లా ఫోన్లలో తిరుగుతుంది. మన బస్తాల దగ్గరకొచ్చేసరికి ‘నాణ్యత లేదు, తాలు ఉంది’ అని తగ్గిస్తారు. జెండాపాట ధరే అందరికీ ఇప్పించడం సెక్రటరీ వల్ల కాదు. అది ఆ ఒక్క లాటు ధరే. కానీ పాటలో ఒక ధర పలికి కాంటా దగ్గర ఇంకో ధర రాస్తే, లెక్కలో లేని తరుగు తీస్తే, శాంపిల్ పేరుతో దోసిళ్లు దోసిళ్లు తీసుకుంటే అడ్డుకోవాల్సింది ఆయనే. నోటిమాటగా చెబితే ‘చూద్దాంలే’ అంటారు. తెల్లకాగితం మీద లాటు నంబరు, అడ్తి పేరు, బస్తాల లెక్క రాసి, సరుకు యార్డు దాటకముందే ఇవ్వాలి. లారీకెక్కాక ఎంత మంచి సెక్రటరీ అయినా చేయగలిగింది తక్కువ.

యార్డులో రైతుకు దక్కాల్సిన కాగితం తక్‌పట్టీ. అందులో తూకం, ధర, కోతలు, చేతికొచ్చే సొమ్ము అన్నీ ఉంటాయి. మార్కెట్ ఫీజు కట్టాల్సింది కొనేవాడు, అమ్మే రైతు కాదు. తక్‌పట్టీలో అది మీ లెక్కలోంచి తీశారేమో చూడండి. తెల్లచీటీ మీద రాసిచ్చేది తక్‌పట్టీ కాదు. రేపు అడ్తిదారు డబ్బు ఎగ్గొడితే ఆ చీటీ పట్టుకుని సెక్రటరీ దగ్గరకు వెళ్లినా ఆయన రికార్డులో మీ సరుకే ఉండదు.

పాలకేంద్రం సెక్రటరీ

అందరిలోకీ చిన్న జీతం, పెద్ద తగాదాలు ఈయనవి. తెల్లవారుజామున, సాయంత్రం రెండుపూటలా కేంద్రం తెరవాలి. పాలు కొలిచి, కలిపి, నమూనా తీసి, వెన్నశాతం చూసి, చీటీ ఇవ్వాలి. క్యాన్లు వ్యానుకెక్కించి, డెయిరీ నుంచి డబ్బు వచ్చాక పంచాలి. ఊళ్లో పండగైనా చావైనా గేదె పాలివ్వడం మానదు కాబట్టి ఆయనకు సెలవు లేదు.

‘‘ఏమయ్యా, మొన్న ఆరున్నర పడ్డది ఇవాళ ఐదున్నరే పడిందేం?’’

‘‘నేనేం చేయను పెద్దమ్మా, మిషన్ అట్లా చూపిస్తుంది.’’

ఈ సంభాషణ రోజూ జరిగేదే. తేడాకు కారణాలు మూడు నాలుగుంటాయి. దూడకు ముందు తాగించారా, చివర తాగించారా అన్నది ఒకటి. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ, అది దూడ పొట్టలోకి పోతే చీటీలో తగ్గుతుంది. మేత మారడం మరొకటి. మూడోది కేంద్రంలో జరిగేది. పాలు కాసేపు నిలబడితే వెన్న పైకి తేలుతుంది. బాగా కలపకుండా అడుగు నుంచి నమూనా తీస్తే తక్కువ, పైనుంచి తీస్తే ఎక్కువ వస్తుంది. కలిపి తీయడం సెక్రటరీ విధి. ఎదురుగా నిలబడి చూడటం మన పని.

పాత గెర్బర్ పద్ధతిలో గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి తిప్పేవారు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రంలో పాలు పెడితే అంకె వచ్చేస్తుంది. యంత్రానికి రోజూ కడుగుడు, అప్పుడప్పుడు సరిచూడటం కావాలి. అవి చేయకపోతే అంకె తప్పుతుంది. ఇది కూడా సెక్రటరీ పనే. కిలో వెన్నకు 800 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. లీటరుకు అర శాతం తక్కువ పడితే సుమారు 4 రూపాయలు పోయినట్టు. రోజుకు 8 లీటర్లు పోసే ఇంటికి నెలకు 960 రూపాయలు. దాణా బస్తా కొనడానికి పనికొచ్చే డబ్బది. అనుమానముంటే అదే నమూనా రెండోసారి పరీక్షించమని అక్కడికక్కడే అడగాలి. క్యాన్‌లో కలిశాక ఎవరి పాలు ఏవో తేల్చలేం.

పంచాయతీ సెక్రటరీ

ఈయన పూర్తిగా ప్రభుత్వ మనిషి. అయినా ఎక్కువ అపోహలున్నది ఈయన మీదే. పొలం కాగితాల కోసం పంచాయతీ ఆఫీసుకు వెళ్లే రైతులు ఇప్పటికీ ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. 1984లో కరణం, మునసబుల వ్యవస్థ రద్దయింది. 2002లో పంచాయతీ కార్యదర్శుల వ్యవస్థ వచ్చినప్పుడు ఊరి రెవెన్యూ పనులూ వారికే కలిపారు. 2007లో మళ్లీ విడదీసి వీఆర్‌ఓలను పెట్టారు. తెలంగాణలో 2020లో వీఆర్‌ఓలనూ తీసేశారు. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. ఇన్నిసార్లు బోర్డులు మారితే పొలం పని చేసే మనిషికి ఏం గుర్తుంటుంది? ఇప్పటి సంగతి చెప్పుకోవాలంటే, భూమి రికార్డు రెవెన్యూ వాళ్లది. పంచాయతీ సెక్రటరీది కాదు.

మరి ఆయన పనేంటి? ఇంటి పన్ను వసూలు, పారిశుద్ధ్యం, తాగునీరు, వీధి దీపాలు, నర్సరీ, ఇంటి అనుమతులు, పంచాయతీ సమావేశాల తీర్మానాలు రాయడం. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. సభలో చెప్పిన మాట తీర్మానంలోకి ఎక్కిందా అన్నది చూసుకోవాలి. ‘చెరువు తూము బాగు చేయాలని అందరం అరిచాం’ అంటే చాలదు. మినిట్సు పుస్తకంలో లేని అరుపును పైఆఫీసు వినదు. నకలు కావాలంటే సమాచార హక్కు కింద అడగండి. గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

రైతు కుటుంబానికి ఆయనతో పడే అసలు అవసరం మరణ ధ్రువపత్రం. ఇంట్లో పెద్దదిక్కు పోయినప్పుడు ఈ కాగితం సంగతి ఎవరికీ తోచదు. పదకొండో రోజు అయ్యాక, నెల మాసికం అయ్యాక చూద్దాంలే అనుకుంటారు. చట్టం ప్రకారం జననమైనా మరణమైనా 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆ తర్వాత ఆలస్య రుసుము, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు అధికారాలున్న అధికారి ఉత్తర్వు కావాలి. ఈలోగా ఆగిపోయేవి చూడండి. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే నామినీకి 5 లక్షలు వస్తాయి. ఆ దరఖాస్తుకు మరణ ధ్రువపత్రం కావాలి. సొసైటీలో వాటా ధనం వెనక్కి తీసుకోవాలన్నా అదే. భూమి వారసుల పేరు మీదకు మారాలన్నా అదే. ఫౌతి చేసే అధికారం తహసీల్దారుదే అయినా, ఆ ఫైలుకు మొదటి కాగితం పంచాయతీ సెక్రటరీ చేతినుంచి రావాలి. ఆసుపత్రిలో పోతే అక్కడ నమోదవుతుంది. ఇంట్లో పోతే మనమే చెప్పాలి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి. ఒక్క అక్షరం తేడాతో నెలల తరబడి తిరిగిన ఇళ్లున్నాయి.

ఈ ఉద్యోగుల తరఫునా ఒక మాట చెప్పాలి. తెలంగాణలో 2019లో వేలాది మంది కుర్రాళ్లను జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా తీసుకున్నారు. నోటిఫికేషన్ 9,355 పోస్టులకు. అందరూ డిగ్రీ చదివినవాళ్లే. మొదట్లో నెలకు 15 వేల జీతం. పొద్దున చెత్త బండి ఫొటో యాప్‌లో పెట్టడం దగ్గర్నుంచి మొక్కల లెక్క దాకా అన్నీ వాళ్లమీదే. క్రమబద్ధీకరణ కోసం 2023లో సమ్మె కూడా చేశారు. ‘రేపు రండి’ అన్న ప్రతిసారీ అది బద్ధకమే అనుకోనక్కర్లేదు. మండలంలో మీటింగు ఉండి ఉండొచ్చు. ముందుగా ఫోన్ చేసి వెళ్లడం మంచిది.

సరిహద్దు అవతల

మధిర, ఎర్రుపాలెం వైపు రైతులకు నందిగామ, తిరువూరు పక్కన పొలాలూ చుట్టరికాలూ ఉన్నాయి. అక్కడ లెక్క వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ సహాయకుడు, సర్వేయరు, డిజిటల్ సహాయకుడు ఇలా పనికొకరిని నియమించారు. పట్నాల వార్డుల్లోనైతే పారిశుద్ధ్యానికొక కార్యదర్శి, విద్యకొక కార్యదర్శి అని పేర్లే అలా పెట్టారు. అక్కడ పొలమున్నవాళ్లు మరిచిపోకూడనిది ఈ-పంట నమోదు. అది వ్యవసాయ సహాయకుడి దగ్గర జరిగే పని. పంచాయతీ కార్యదర్శిని అడిగి రోజులు పోగొట్టుకోవద్దు.

కొత్తగా వచ్చినవారు, పై ఆఫీసులవారు

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు వచ్చాక మరో రకం సెక్రటరీ మన మాటల్లోకి వచ్చాడు, కంపెనీ సెక్రటరీ. వరుసగా మూడేళ్లు సగటు టర్నోవరు 5 కోట్లు దాటిన ఉత్పత్తిదారుల కంపెనీకి పూర్తికాలపు కంపెనీ సెక్రటరీ ఉండాలని చట్టం. బోర్డు మీటింగులు, వాటాదారుల రిజిస్టరు, ప్రభుత్వానికి ఏటా దాఖలు చేసే పత్రాలు ఆయన బాధ్యత. ఇది మూడు దశల పరీక్షలు పాసై సాధించే చదువు. ఇంటర్ అయిన పిల్లలు తొలి పరీక్షకు కూర్చోవచ్చు. కామర్స్ చదివే రైతుబిడ్డలు ఆలోచించదగ్గ దారి.

పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యలోనూ అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. వారు సభ్యుల్లోంచి ఎన్నికైన మహిళలే, ఉద్యోగులు కారు.

ఇక కలెక్టరు గారి పేషీలో ఉండే పీఏ, సీసీలు. వీరు అధికారికి వచ్చే కాగితాలు, అపాయింట్‌మెంట్లు చూసే వ్యక్తిగత సహాయకులు. మన అర్జీ మీద నిర్ణయం చేసే అధికారం వారికి ఉండదు. అర్జీ లోపలికి వెళ్లిందో లేదో మాత్రం వారికి తెలుస్తుంది. అయినా వారి చేతిలో కాగితం పెట్టి వచ్చేయడం కన్నా సోమవారం ప్రజావాణిలో ఇస్తే మేలు. అక్కడ అర్జీ కంప్యూటర్‌లో ఎక్కి నంబరు వస్తుంది. ఆ నంబరు చీటీ జేబులో పెట్టుకున్నాకే బస్సెక్కండి.